బొగ్గు మీద పరచిన బాపట్ల ఇసుక

నీటి సరఫరా శాఖలో కొత్తగా చేరిన యువకులు అప్పుడప్పుడు నన్ను చూడవస్తారు. కాఫీలు పూర్తయిన తరువాత, పెద్దవాణ్ణి కదా అని, మర్యాద కోసం ఒక ప్రశ్న వేస్తారు. "మీ రోజుల్లో కార్బన్ ఫిల్టర్లు ఎక్కడివండి! ఉత్త ఇసుకా, బ్లీచింగూనేగా?" ఇందులో వారి దోషమేమీ లేదు. వారికి పాఠం చెప్పినవారికీ ఈ సంగతి తెలియదు. కనుక ఇక్కడ చెబుతున్నాను. ఉండేది. రేపల్లెలో ఒకటి ఉండేది. అది చక్కగా పనిచేసింది. పనిచేస్తూ ఉండగానే దానిని చంపారు. చంపిన తరువాత, అది పుట్టుకతోనే రోగిష్టిదని తీర్మానించారు.

వయసు పైబడిన కొద్దీ కోపం చల్లారాలని నాకు హితం చెప్పేవారు ఉన్నారు. చల్లారవలసిన కోపాలు చాలావరకు చల్లారాయి. ఇది ఆ జాతి కోపం కాదు.

డెబ్బయ్యవ దశకపు తొలి సంవత్సరాలవి. భూసంస్కరణల మాట ఊరూరా మోగుతున్న కాలం. తెనాలిలో ఉన్న నన్ను రేపల్లె మంచినీటి ట్యాంకుల వద్దకు కెమిస్టుగా పంపారు. కాలువకు అది కొస. కృష్ణ నీరు ఎన్నో ఊళ్ళ పొలాలను తడిపి, ఎన్నో రేవులలో బట్టలను, గేదెలను కడిగి, అలసి సొలసి చివరికి మా ట్యాంకులలోకి చేరేది. అంతవరకే అయితే మా పాత ఇసుక ఫిల్టరు సరిపోయేది. ఒండ్రును పట్టి ఆపడంలో ఇసుకకు సాటి లేదు. కాని, ఎగువన తెనాలి వైపు ఉప్పుడు బియ్యం మిల్లులు వెలిశాయి. వడ్లను పెద్ద తొట్లలో నానబెట్టి, పులిసి పసుపుపచ్చగా మారిన ఆ నీటిని మిల్లులవారు కాలువలోకి విడిచిపెట్టేవారు. కాలువ నిండుగా పారినన్నాళ్ళు అది ఎవరికీ తెలిసేది కాదు. వేసవి ముఖం పట్టి ప్రవాహం సన్నగిల్లగానే, మా కుళాయిల నుంచి కుళ్ళిన గంజి కంపు కొట్టే నీరు వచ్చేది. నీటిలో కరిగిపోయిన మాలిన్యం ఇసుక రేణువుల మధ్య నుంచి నిరాటంకంగా జారిపోతుంది. ఇసుక దానిని చూడనైనా చూడదు.

కంపు ఒక్కటే అయితే ముక్కు మూసుకొని తాగవచ్చును. అంతకు మించిన ఆపద మరొకటి ఉంది. అటువంటి నీటిలో బ్లీచింగు పొడి వేస్తే, అది ఆ మాలిన్యంతోనే పోరాడి నీరసించిపోతుంది. రోగక్రిముల దాకా చేరదు. ఎంత పొడి కలిపినా, వేసవిలో మా కొసవీధులలో పసిపిల్లలకు వాంతులు, విరేచనాలు తప్పేవి కావు.

ఒక మిల్లు యజమాని వద్దకు వెళ్ళి ఈ సంగతి విన్నవించుకున్నాను. ఆయన నన్ను ఆదరంగా కూర్చోబెట్టాడు.

"ఏంటండి సార్, వడ్లు నానిన నీళ్ళేగా! మీ ఇంట్లో కుడితి గేదెకి పొయ్యరా?"

"గేదెకు పోస్తామండి. పసిపిల్లలకు పొయ్యం."

ఆయన పగలబడి నవ్వి, నా కోసం సోడా తెప్పించాడు. కాలువ నీటితో చేసిన సోడా అయితే ఆయన ఇచ్చేవాడూ కాదు, నేను తాగేవాణ్ణీ కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మా ట్యాంకుల వెనుక వీధిలో ఒక పెద్దామె ఉండేది. మిల్లులలో బస్తాలు మోసే ఆమె భర్త ఏనాడో పోయాడు. వీధి కుళాయి వద్ద తగవులు తీర్చేది, వరుసలు నిలబెట్టేది ఆమెయే. హిందువులు, ముస్లిములు అనే భేదం లేకుండా వీధి వీధంతా ఆమెను ఖాలా అని పిలిచేవారు. అంటే పిన్ని అన్నమాట. అంతకు ముందటి వేసవిలో ఆమె కొడుకు తొలి బిడ్డ విరేచనాలతో పోయింది. కోడలు మళ్ళీ నీళ్ళోసుకుంది. ఒక ఉదయం ఖాలా మా ఫిల్టరు హౌసు గేటు వద్ద నిలబడి నన్ను పిలిచింది.

"ఏం బాబూ, ఎండాకాలానికి కాలవ మళ్ళీ అట్టాగే ఉంటదా?"

"ఉంటుందనే అనుకుంటున్నానమ్మా."

"మా కోడలికి అప్పటికే నెలలు నిండేది. బిడ్డ ఎండాకాలం దాటి పుడితే బాగుండని అల్లాని అడుక్కుంటన్నా. బిడ్డని ఆపమని అడగటం కంటే నీళ్ళని బాగుచెయ్యమని నిన్నడగటం తేలిక గదా అని వొచ్చా."

ఆ ఆదివారమే బయలుదేరి బాపట్ల వెళ్ళాను.

బాపట్లలో నాకు తెలిసిన రసాయనశాస్త్రపు లెక్చరరు ఒకాయన ఉండేవాడు. నాకంటే వయసులో చిన్నవాడు. బక్కపలచని మనిషి. బట్టల మీద మసి, మాటలో మొహమాటం. కొబ్బరిచిప్పలను గాలి చొరని కొలిమిలో కాల్చి, అవి ఎర్రగా ఉండగానే ఆవిరి పట్టించి, ఒక విధమైన బొగ్గును తయారుచేసేవాడు. దాని చేత రంగునీళ్ళను పన్నీరంత తేటగా వడగట్టి చూపేవాడు. తోటివారు ఆయనను బొగ్గుల బట్టీ అని వేళాకోళం చేసేవారు. ఆయనను రేపల్లెకు పిలిపించి మా మేస్త్రీకి పరిచయం చేశాను. ఈ మేస్త్రీ తెనాలివాడు. గొట్టాలు, వాల్వులు ఆయన చెప్పుచేతలలో ఉండేవి. నాలుక మాత్రం ఎవరి చెప్పుచేతలలోనూ ఉండేది కాదు.

లెక్చరరు కొంచెం బొగ్గు మేస్త్రీ అరచేతిలో పోసి ఇలా అన్నాడు. "దీని నిండా కంటికి కనపడని రంధ్రాలండి. గదిలో గది, ఆ గదిలో మరో గది. నీళ్ళలో కరిగిన మురికి వచ్చి ఆ గోడలకి అంటుకుపోతుంది. ఈ పిడికెడు బొగ్గులో గోడలన్నీ విప్పి పరిస్తే ఎకరం పొలం పైచిలుకు ఉంటుందండి."

మేస్త్రీ చేతిలోని బొగ్గును అటూ ఇటూ తిప్పి చూశాడు. "పిడికెడుకి ఎకరమా? అయితే మన బెడ్డు నిండేసరికి లక్షలెకరాలు! ఈ సంగతి బయట చెప్పమాకండి సార్. భూముల సీలింగు చట్టం కింద పట్టుకుపోతారు."

ఆ లెక్చరరు అంతగా నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను. ఆయన చేతుల మసి ఆనాడు మా అందరికీ అంటింది.

ఇసుక ఫిల్టరుకు దిగువన పనికిరాకుండా పడి ఉన్న తొట్టి ఒకటి ఉండేది. ప్రయోగం పేరిట అనుమతి తెచ్చుకొని, దానిని కడిగి, అడుగున గులకరాళ్ళు పేర్చి, వాటిపైన ఆ బొగ్గును మందంగా పరిచాము. ఇసుక నుంచి దిగిన నీరు బొగ్గులోకి, బొగ్గు నుంచి ట్యాంకులోకి. అంతే మా ఏర్పాటు. వేసవి వచ్చింది. కాలువ పచ్చబడింది, కంపు మొదలయింది. మా తొట్టి నుంచి దిగిన నీటికి మాత్రం రంగు లేదు, వాసన లేదు. బ్లీచింగు పొడి కొద్దిగా వేసినా దాని ప్రభావం చివరి కుళాయి దాకా నిలిచింది. ఖాలా చెంబుతో పట్టి, పుక్కిలించి, ఉమ్మి, మళ్ళీ పట్టి తాగింది.

"ఏ రుచీ లేదు బాబూ!" అన్నది. నేను గతుక్కుమన్నాను. ఆమె వెంటనే, "రుచి లేకపోవటమేగా నీళ్ళ రుచి" అన్నది.

ఆ నెలలోనే ఆమెకు మనవరాలు పుట్టింది. పురిటి స్నానం మా బొగ్గు నీటితోనే జరిగింది. ఆ వేసవి తొలిరోజులలో మా కొసవీధుల నుంచి ఆసుపత్రికి పసిపిల్లల రాక ఆగిపోయిందని అక్కడి నర్సమ్మ స్వయంగా వచ్చి చెప్పి వెళ్ళింది. నా ఉద్యోగ జీవితంలో అంతకంటే గొప్ప ప్రశంసాపత్రం నాకు మరొకటి లేదు.

ఇక్కడితో ఈ కథ ముగిసి ఉంటే నేను దీనిని చెప్పవలసిన పనే ఉండేది కాదు.

మా ఇంజనీరుగారు చెడ్డవాడు కాడు. చెడ్డవాడై ఉంటే నాకు ఇంత బాధ ఉండకపోను. భార్యాబిడ్డలను ప్రేమించేవాడు, చేతికింది వారిని పల్లెత్తు మాట అనేవాడు కాదు. ఆయనకు ఒకే ఒక్క భయం. పైవారి కళ్ళకు ఏది ఎలా కనిపిస్తుందో అన్న భయం. నీరు బాగుందన్న వార్త పైకి పాకి, ఒక పెద్దాయన స్వయంగా వచ్చి ప్రారంభోత్సవం చేస్తానన్నారు. పనిచేస్తున్న దానికి మళ్ళీ ప్రారంభమేమిటని మీరు అడగకూడదు. మా శాఖలో పెద్దలు కొబ్బరికాయ కొట్టేదాకా ఏదీ పనిచేస్తున్నట్టు కాదు.

మా శాఖకు మరొక ఆచారం కూడా ఉండేది. పెద్దలు వస్తున్నారంటే సున్నం తడపడమే తొలి పని. కదలని వస్తువు దేనికైనా సరే సున్నం పూయవలసిందే. గట్టు రాళ్ళు, చెట్ల మొదళ్ళు, పంపు షెడ్డు, కాలువ లాకు. ఒకసారి తెనాలిలో పాడైన రోడ్డురోలరుకు కూడా పూశారు. ఇంజనీరుగారు ఏర్పాట్లు చూడడానికి వచ్చి, ప్రారంభోత్సవం కోసం నీరు తీసి ఆరబెట్టిన బొగ్గు తొట్టి అంచున నిలబడ్డారు. ఆయన ముఖం నల్లబడింది.

"ఏంటయ్యా ఇది? పట్టపగలు వల్లకాడు చూసినట్టుంది. పెద్దాయన పసుపుకుంకాలు వేసేది దీని మీదా? సున్నం కొట్టించెయ్యండి."

మేస్త్రీ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. "బొగ్గుకి సున్నమేంటండి బాబూ! ఇది గోడ కాదండి."

"అయితే పైన ఏదన్నా తెల్లగా పరిపించండి. బాపట్ల సముద్రపొడ్డున ఇసుక వెండిలా మెరుస్తది. ఒక లారీ తెప్పిస్తే సరి."

నేను ముందుకు వచ్చాను. ఆ మాటలు నాకు ఇప్పటికీ గుర్తే. "సముద్రపు ఇసుక మైదాపిండిలా సన్నం సార్. బొగ్గు పలుకుల సందుల్లోకి జారి కూరుకుపోతుంది. పైగా ఉప్పు. బొగ్గు కోసమే ఈ తొట్టి. దాని నోరు మూసి ప్రారంభోత్సవం చేస్తే ఎట్లాగండి?"

"ఒక్క పూట మాష్టారూ. ఫంక్షన్ అవగానే ఎత్తించేద్దాం. నా మాట మీద నమ్మకం లేదా?"

మాట మీద నమ్మకం ఉంది. ఆ మాట అన్న మనిషికి ఉన్న భయం మీద ఇంకా ఎక్కువ నమ్మకం ఉంది. లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పాను. ఆయన చదివి, మడిచి జేబులో పెట్టుకొని, నా భుజం తట్టారు. లారీ వచ్చింది. నల్లని బొగ్గు మీద జానెడు మందాన తెల్లని ఇసుక పరిచారు. ఇసుక మీద ముగ్గులు కూడా వేయించారు.

ముగ్గులు వేసే ముందు నీరు వదిలి చూస్తే, తొట్టి నుంచి దిగిన నీరు ఉప్పగా ఉంది. ఈ విషయం తెలిసి ఇంజనీరుగారు పెద్దాయన తాగడానికి తెనాలి నుంచి ఉదయపు రైలులో క్యాను నిండా బావి నీరు తెప్పించారు. ప్రారంభోత్సవం నాడు, మిల్లులవారు కట్టించిన స్వాగత తోరణం కింద, పూలదండలతో, పెద్దాయన వెండి గ్లాసు ఎత్తి ఆ తెనాలి నీరు తాగి, "అమృతం!" అన్నారు. చప్పట్లు మోగాయి. మేస్త్రీ నా చెవి వద్ద, "క్యాను కూడా చూపించుంటే రెండు అమృతాలు అనేవారండి" అన్నాడు. నేను నవ్వలేదు. కాలువను పాడుచేసినవారు తోరణం కట్టారు, బాగుచేసిన బొగ్గును ఇసుక కింద పాతిపెట్టారు, ఆ బొగ్గును చేసిన లెక్చరరు వెనుక వరుసలో కుర్చీ దొరకక నిలబడి ఉన్నాడు. ఇంతకంటే స్పష్టంగా ఒక దేశం తనను తాను చూపుకోగలదా?

వెళుతూ వెళుతూ పెద్దాయన తొట్టిని చూసి, "మల్లెపూల పానుపులా ఉందయ్యా" అన్నారు. మా కొంప మునిగింది ఆ ఒక్క మాటతోనే. పత్రికలో ఆ తెల్లని తొట్టి ఫోటో పడింది. ఆ ఫోటోను పటం కట్టించి ఆఫీసు గోడకు తగిలించారు. ఇసుక ఎత్తించమని అడిగినప్పుడల్లా ఇంజనీరుగారు ఆ పటం వైపు చూసేవారు. "పెద్దాయన చూసి మెచ్చుకున్నదాన్ని మనం మార్చేస్తే, రేపు ఆయన మళ్ళీ వస్తే? పైనుంచి ఆర్డరు రానీండి మాష్టారూ." పైవారిని అడిగితే, మెచ్చుకోలు పొందిన ఏర్పాటును ఎందుకు మార్చాలో కారణం చెప్పమన్నారు. కారణం చెప్పాను. ఆ కారణానికి కారణం అడిగారు.

ఇంతలో సన్నని ఇసుక బొగ్గు సందులలోకి దిగిపోయింది. ధార దారమయింది, దారం చుక్కలయింది. నీరు లేదని జనం గొడవ చేయగా, తొట్టితో పని లేకుండా నీటిని మళ్ళించే పక్క వాల్వును తెరవమని ఇంజనీరుగారు ఆదేశించారు. కంపు నీరు నేరుగా కుళాయిలకు చేరింది. ఊరిలో ఒకటే మాట పుట్టింది. బొగ్గు ఫిల్టరు చెడిపోయింది. బొగ్గును నమ్ముకుంటే ఇంతే.

ఖాలా మనవరాలికి విరేచనాలు పట్టుకున్నాయి.

ఆమె గేటు వద్దకు రాలేదు. నేరుగా లోపలికి వచ్చింది. ఆ సమయానికి నేను ఒక పళ్ళెంలో కాస్త బొగ్గూ ఇసుకా కలిసిన మిశ్రమం తీసుకొని, నీళ్ళు పోసి తిప్పుతున్నాను. ఇసుక బరువు, బొగ్గు తేలిక. రెండింటినీ విడదీయవచ్చునని చూపితే ఇంజనీరుగారి మనసు మారుతుందేమోనన్న ఆశ. నన్ను నాలుగు మాటలు అనడానికి వచ్చిన ఖాలా, ఆ పళ్ళెం చూసి ఆగింది.

"ఏంటి నువ్వు చేసేది? గాలిస్తన్నావా?"

"గాలించడమే అనుకో పిన్నీ. ఇసుక అడుక్కి పోతుంది, బొగ్గు పైకి వస్తుంది."

"అట్టానా గాలించేది! చెయ్యి అట్టా తిప్పితే ఇసకంతా మళ్ళీ బియ్యంలోకే వస్తది. ఇటియ్యి." పళ్ళెం లాక్కొని, మణికట్టుతో ఒక ఊపు ఊపి, బొగ్గును నీటితో సహా పక్క గిన్నెలోకి వంచింది. అడుగున తెల్లని ఇసుక మిగిలింది. "ఇదేనా మీ ఆపీసోళ్ళకి చేతగానిది? రోజూ వొంటింట్లో చేసేదేగా."

మేస్త్రీ కూడా ఆ పళ్ళెం చూడడానికి వచ్చాడు. కూలీలను పెట్టుకోవడానికి మాకు అనుమతి లేదు. ఇంజనీరుగారు గుంటూరులో మీటింగులో ఉన్నారు. మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "ఖాలా, మన వీధిలో పెద్ద తపేలాలు ఎన్నున్నాయి?"

మర్నాడు తెల్లవారగానే మా ఫిల్టరు హౌసు పెళ్ళివారి వంటశాలలా మారింది. ముస్లిముల ఇళ్ళ నుంచి డేగిసాలు, రైతుల ఇళ్ళ నుంచి గంగాళాలు వచ్చాయి. ఆడవాళ్ళు చీరలు బిగించి వరుసగా కూర్చున్నారు. మేస్త్రీ తొట్టిలో దిగి తట్టలతో అందిస్తున్నాడు, నేను నీళ్ళు పోస్తున్నాను, వారు గాలిస్తున్నారు. మణికట్ల ఊపులో ఒక లయ ఉంది. ఒక కొత్త కోడలు ఇసుకతో సహా వంచేస్తే, పక్కనున్న అత్తగారు ఊరుకోలేదు.

"నా ఇంట్లో అన్నంలో రాళ్ళు ఎక్కణ్ణించి వస్తన్నాయో ఇప్పుడు తెలిసిందమ్మా!"

"మీ అబ్బాయి పళ్ళు గట్టివిలే అత్తా, ఏం కాదు" అన్నది కోడలు. తొట్టిలో ఉన్న మేస్త్రీ పకపక నవ్వాడు.

సాయంకాలానికి బొగ్గు మళ్ళీ తొట్టిలోకి చేరింది. ఇసుక కుప్ప గోడ పక్కన పడింది. వాల్వు తిప్పాము. మొదటి నీరు మసిగా దిగింది, తరువాత తేటపడింది. ఖాలా తాగి చూడలేదు. బిందె నింపుకొని ఇంటికి నడిచింది. ఆ నీరు కాచి, చల్లార్చి, ఉప్పూ పంచదారా కలిపి బిడ్డకు చెంచాతో పట్టింది. బిడ్డ తేరుకున్నది.

ఇది మా నేరం.

ఇంజనీరుగారు తిరిగి వచ్చి, పటంలో ఉన్న తెల్లని తొట్టి నల్లబడి ఉండడం చూసి, తల పట్టుకొని కూర్చున్నారు. ఆయన చెప్పకపోయినా సంగతి పైకి వెళ్ళింది. విచారణకు ఒక పై అధికారి వచ్చారు. ఆయన నీటిని పరీక్షించలేదు. నేను గాజు గ్లాసులో పట్టి చేతికి ఇచ్చిన నీటిని బల్ల మీద పెట్టి, తనకు సోడా తెప్పించుకున్నారు. అడిగిన ప్రశ్నలన్నీ ఒక్కటే. ఎవరెవరు లోపలికి వచ్చారు, ఎవరి చేతులు పడ్డాయి.

ఖాలాను పిలిపించారు. "ప్రభుత్వ ఫిల్టరు హౌసులోకి నిన్ను ఎవరు రానిచ్చారు?"

ఆమె కొంగు సవరించుకొని ఇలా అన్నది. "ఆ కంపు నీళ్ళు మా ఇళ్ళలోకి వొచ్చేటప్పుడు ఎవరినీ అడగలేదు గదా బాబూ. మేమొచ్చేటప్పుడే అడుగుతారేంటి?"

ఆయన వెంట వచ్చిన గుమాస్తా నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాడు.

కొన్నాళ్ళకు తీర్పు వచ్చింది. అనధికార వ్యక్తుల చేతులు సోకడం వల్ల బొగ్గు కలుషితమయినదట. ఇటువంటి పద్ధతి ప్రజావసరాలకు నిలకడగలది కాదని అనుభవంలో తేలినదట. కనుక బొగ్గును తొలగించి, తొట్టిని మూసివేయాలట. ఆ వాక్యాలను చదివిననాడు నా రక్తం సలసల కాగింది. రోజూ ఊరందరి అన్నానికి బియ్యం గాలించే చేతులు మైలవి. సముద్రపొడ్డున ఎవరెవరు తొక్కారో తెలియని ఇసుక శుభప్రదం. కాలువలో పులిసిన నీరు వదిలినవారి ఊసు ఆ తీర్పులో ఎక్కడా లేదు. ఇసుక అన్న మాట ఒక్కసారైనా రాలేదు. రంగు లేని నీటిని ఇచ్చినందుకు బొగ్గు దోషి అయింది, నల్లని రంగే దాని నేరం. దీనిని పొరపాటు అనడానికి నా నోరు రాదు. పొరపాటు తెలియక చేసేది. ఇది తెలియకూడదని పట్టుబట్టి చేసినది.

నన్ను తెనాలికి, మేస్త్రీని బాపట్లకు బదిలీ చేశారు. ఇంజనీరుగారికి ప్రమోషన్ వచ్చింది. ఆయన వీడ్కోలు సభకు నేను వెళ్ళలేదు. అటువంటి మర్యాదలు తప్పడం నాకు అలవాటు లేదు, అయినా వెళ్ళలేదు. తొలగించిన బొగ్గును గేటు బయట కుప్పపోశారు. పిడికెడుకు ఎకరం చొప్పున అంతఃపురాలు దాచుకున్న ఆ బొగ్గును ఇస్త్రీ చేసేవారు తట్టలతో మోసుకుపోయారు. ఎందరు ఆఫీసర్ల ప్యాంట్లు ఆ బొగ్గు వేడితో నిటారుగా నిలిచాయో!

బాపట్ల వెళ్ళి లెక్చరరుకు నేనే చెప్పాను. ఆయన, "నా బొగ్గు ఓడిపోలేదు కదండి?" అన్నాడు.

"లేదు."

"అయితే చాలండి."

చాలదు. ఆయన మంచితనం ఆయనది. నాకు చాలలేదు. ఇప్పటికీ చాలదు.

ఇస్త్రీవారి కంటే ముందుగా ఖాలా ఒక గంపెడు బొగ్గు ఎత్తుకుపోయిందని తరువాత తెలిసింది. కుండ అడుగున చిన్న చిల్లు పెట్టి, గుడ్డ పరిచి, బొగ్గు నింపి, దాని కింద మరొక కుండ పెట్టింది. మనవరాలికి ఆ నీరే కాచి పట్టేది. మరుసటి వేసవి నడుమ, రైలెక్కి, తెనాలిలో మా ఆఫీసు వెతుక్కుంటూ వచ్చింది. చంకలో బిడ్డ, చేతిలో ఒక మూట.

"వాసన మళ్ళీ వొస్తంది బాబూ. బొగ్గు అలిసిపోయినట్టుంది" అన్నది. మూట విప్పి చూపింది. ఆమె మాట నిజమే. గోడలన్నీ మురికితో నిండిపోతే ఇక ఏ బొగ్గూ పట్టలేదు. దానిని మళ్ళీ కొలిమిలో కాల్చాలి, లేదా కొత్తది తేవాలి. తొట్టి ఉండి ఉంటే ఆ పని శాఖ చేసేది.

ఆమెను వెంటబెట్టుకొని బాపట్ల బండి ఎక్కాను. లెక్చరరు తన కొలిమిని విప్పివేసి చాలా కాలమయిందట. పైవారు ఆ స్థలంలో సైకిళ్ళ షెడ్డు వేయించారు. ఆయన ఇల్లంతా గాలించి, మంచం కింద నుంచి ఒక గోనెసంచి లాగాడు. మిగిలిన బొగ్గు అంతా అదే. ఖాలా దానిని భుజానికి ఎత్తుకుంటూ, "అయిపోయినాక ఎవరినడగాలి నాయనా?" అన్నది.

ఆ పిల్ల బతికింది. పెద్దదయి, పెళ్ళయి వెళ్ళిందని మేస్త్రీ ద్వారా విన్నాను. ఆ వీధిలో పుట్టిన పిల్లలందరూ బతకలేదు. ఒక్క గోనెసంచి ఒక్క ఇంటికే వచ్చింది.

కొన్నేళ్ళ కిందట మా ఇంటికి టై కట్టుకున్న ఒక అబ్బాయి వచ్చాడు. నీటిని శుద్ధి చేసే యంత్రం అమ్ముతాడట. కొత్త సాంకేతిక విజ్ఞానం అంటూ ఒక తెల్లని గొట్టాన్ని బల్ల మీద నిలబెట్టాడు. లోపల ఏముందని అడిగాను. గొంతు తగ్గించి, "కొబ్బరిచిప్ప బొగ్గేనండి. కాకపోతే స్పెషల్ బొగ్గు. పిడికెడులో ఎకరాలకెకరాలు ఉంటాయండి" అన్నాడు.

"మరి పైన ఈ తెల్ల డబ్బా ఎందుకు నాయనా?"

"నల్లగా కనపడితే జనం కొనరండి సార్."

ఆ తెల్లని గొట్టాన్ని చేతిలోకి తీసుకొని తిప్పి చూశాను. బేరం కుదిరిందనుకొని ఆ అబ్బాయి రసీదు పుస్తకం తీశాడు. నేను మరొక్క ప్రశ్న వేశాను.

"రేపల్లె అవతల, కాలవ కొసన ఊళ్ళు ఉన్నాయి. అక్కడ కూడా అమ్ముతారా?"

అతను మర్యాదగానే జవాబు చెప్పాడు.

"అటేపు మాకు రూటు లేదండి."